డబ్బా అడుగు వార్నీషు

పిన్ని పోయిన వారంలోపే ఆమె కొడుకు, నాకు తమ్ముడి వరసయ్యే రమణ మా ఇంటికి వచ్చాడు. మైలలో ఉన్నానని గడప దాటలేదు. మాసిన గడ్డంతో అరుగు మీదే నిలబడి, తెరిచిన తలుపులోంచి ముందుగది గోడ వైపు చూస్తూ మాట్లాడాడు. "అప్పా, పెద్దదినానికి అమ్మ పటం ఒకటి ఎట్టాల. ఇల్లంతా ఎతికితే రేషను కార్డు మీది ఫొటో ఒక్కటే దొరికినాది. అందులో అందరం ఉన్నాం. అమ్మ మొకం సెనగ్గింజంత ఉన్నాది. పెద్దది సేయిస్తే మొకం పోయి సుక్కలు మిగిల్నాయి." మళ్ళీ గోడ వైపు చూసి, "నీ కాడ ఒకటి ఉన్నాదని అమ్మ ఎప్పుడూ సెప్పీది," అన్నాడు. ఉందన్నాను. రెండు రోజులాగి రమ్మన్నాను. "ఇవ్వడం నీకిష్టం లేదేటప్పా?" అని నొచ్చుకున్నాడు. "ఇస్తానురా. ముందు దాంతో నాకు కొంచెం పనుంది," అన్నాను. వాడు వీధి మలుపు తిరిగేదాకా ఆగి, అంతా విన్న పక్కింటావిడ అడిగింది: "అది మీ అమ్మగారి పటం కదండీ? దాన్ని మీ పిన్నిగారి పెద్దదినానికి ఎలా పెడతారు?" ఆమెకి ఒక్క మాటలో జవాబు చెప్పడం నాకు చేతకాలేదు. అందుకే ఇక్కడ నిదానంగా రాస్తున్నాను.

మా నాన్న అప్పన్న సముద్రపు ఒడ్డున ఒక సర్కారు బంగ్లాకి కాపలాదారు. వంశధార సముద్రంలో కలిసే చోటికి కొంచెం ఇవతల, ఊరికి దూరంగా, సరుగుడు తోటల మధ్య ఉండేది ఆ బంగ్లా. అధికారులు పని మీద వస్తే దిగడానికి కట్టారట. నేను చూసినంతలో వాళ్ళు ఎప్పుడో గాని వచ్చేవారు కాదు. అయినా నాన్న తెల్లారగానే బంగ్లా కిటికీలూ తలుపులూ అన్నీ తెరిచేవాడు. ఎవరూ పడుకోని మంచాల మీద దుప్పట్లు దులిపి మళ్ళీ పరిచేవాడు. ఎవరూ కూర్చోని కుర్చీల చేతులు తుడిచేవాడు. సముద్రపు గాలి రాత్రికి రాత్రి అన్నిటి మీదా సన్నటి తెల్లటి పొడి వేసి పోయేది; తుడిచిన గుడ్డ నాలిక్కి తగిలిస్తే ఉప్పగా ఉండేది. సాయంత్రం మళ్ళీ అన్నీ మూసేవాడు. బంగ్లా వెనక రెండు గదుల పెంకుటిల్లు మాది. అందులో నాన్న, నేను, గోడ మీద అమ్మ.

పొద్దున్న సోడి అంబలి, అంటే రాగి జావ; మధ్యాహ్నం అన్నం, ఎండు నెత్తళ్ళ పులుసు. ఎండిన సరుగుడు ఆకు పొయ్యిలో వేస్తే భగ్గుమని లేచి వెంటనే చల్లారిపోయేది, అందుకని వంట చేస్తున్నంతసేపూ పొయ్యి ముందునుంచి కదలడానికి ఉండేది కాదు. నాన్న ఎదురుగా కూర్చుని తినేవాడు. మాట్లాడేవాడు కాదు. కోపం వల్ల కాదు. మాట్లాడే అలవాటు తప్పిపోయింది, అంతే. బయట సముద్రం ఆగకుండా మోగుతూ ఉంటే లోపల ఇద్దరం కంచాల చప్పుడు వింటూ ముగించేవాళ్ళం. ఊళ్ళో బడి ఐదో తరగతితో సరి. ఆ తర్వాత నాకు వచ్చిన చదువంతా ఆ బంగ్లా తలుపులు నేర్పిందే. ఎందుకో చెప్పాలంటే వార్నీషు సంగతి చెప్పాలి.

ఎండలు ముదిరి, వానలు ఇంకా మొదలుకాక ముందు, ఏటా బంగ్లా చెక్కపని అంతటికీ వార్నీషు వేయించేవారు. ఉప్పుగాలికి ఏడాదికోసారి వేయకపోతే చెక్క పొరలు లేచిపోతుంది. ఆ పనికి విజయనగరం వైపు నుంచి దాలినాయుడు అని ఒకాయన వచ్చేవాడు. నాకు వరసేమీ కాడు గాని నాన్నని బావా అనేవాడు, నేను మావా అనేదాన్ని. ఆయన ముందు ఉప్పుకాయితంతో తలుపులు రుద్దేవాడు. పొక్కులు లేచిన చోట కాస్టిక్ సోడా నీళ్ళు పట్టించి, గాజుపెంకుతో గీకి పాతపూత మొత్తం ఊడదీసేవాడు. నల్లగా జిడ్డుగా ఉన్న చెక్క కిందనుంచి బిస్కెట్ రంగు టేకు బయటపడేది. ఒకరోజు ఆరనిచ్చి, అప్పుడు కొత్త వార్నీషు పూసేవాడు. ఆ వాసన ఇల్లూ వాకిలీ నిండిపోయేది, అన్నంలోకి కూడా వచ్చేది. ఆ వాసన వచ్చిందంటే మా ఇంట్లో మనుషుల గొంతులు వినబడతాయని నాకు గుర్తు. ఏడాదిలో ఆ కొద్దిరోజులే.

పనంతా అయ్యాక డబ్బా అడుగున కొంచెం మిగిలేది. చిక్కగా, పైనున్న దానికన్నా నల్లగా, బెల్లప్పాకం ముదిరినట్టు ఉండేది. దాలి మావ దాన్ని మాకు వదిలేసేవాడు. ఎంత మిగులుతుందో ముందే తెలుసుకోవాలని నాకు ఆరాటం. తాడుతో తలుపుల పొడుగు, వెడల్పు కొలిచి, ఇన్ని జానలకి ఇంత పోతుంది కదా అని బొగ్గుతో గోడ మీద లెక్క వేసేదాన్ని. గుణించడం బళ్ళో నేర్పారు. ఎందుకు గుణించాలో ఆ తలుపులు నేర్పాయి. ఇప్పుడు ఈ ఊళ్ళో రంగుల పనివాళ్ళు ఏ ఇంటికి ఎంత సరుకు పడుతుందో నా చేత లెక్క కట్టించుకుంటారంటే, మొదలు అక్కడే.

మిగిలిన వార్నీషు నాన్న ముందు మా ఇంటి తలుపుకి వేసేవాడు. తర్వాత ముక్కాలిపీటకి. చివరికి అమ్మ పటాన్ని గోడ మీంచి దింపి, నులకమంచం మీద పెట్టి, మెత్తటి గుడ్డతో తుడిచి, దాని మీద కూడా ఒక పూత వేసేవాడు. మిగతా పనులన్నీ చకచకా చేసే మనిషి ఆ ఒక్కటీ చాలా నెమ్మదిగా చేసేవాడు. కుంచెని పటం మీద ఈ చివర నుంచి ఆ చివరకి ఒకే ఊపిరిలో లాగేవాడు. ఎందుకని అడిగితే, "ఉప్పుగాలి తగిల్తే రంగు ఊడిపోతాది," అనేవాడు. తలుపులకి నిజమైనది పటానికీ నిజమే కదా అనుకునేదాన్ని.

అలా ఏటా ఒక పూత. నాకు పదిహేనేళ్ళు వచ్చేసరికి ఆ పటంలో ఏముందో తెలియడం మానేసింది. గోధుమరంగు చీకట్లో ఒక మనిషి కూర్చున్నట్టు ఆకారం, ఒళ్ళో చేతుల్లాంటివి రెండు, నుదుటి చోట నల్లటి చుక్క. అంతే. పీట వేసుకుని ఎక్కి దగ్గరగా చూస్తే ఆ మెరుపులో నా ముఖమే నాకు కనబడేది. పక్కకి జరిగితే నా ముఖం జరిగిపోయేది గాని అమ్మ ముఖం వచ్చేది కాదు. నేను నడక నేర్వకముందే అమ్మ జ్వరంతో పోయింది. అమ్మ పోయాకే నాన్న ఊరొదిలి ఈ ఉద్యోగానికి వచ్చాడు. అందుకని ఈ చుట్టుపక్కల అమ్మని చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. అమ్మ వైపు మిగిలింది ఆమె చెల్లెలు కాంతం పిన్ని ఒక్కతే. పొందూరు దగ్గర ఇచ్చారు. రెండు మూడేళ్ళకోసారి వచ్చి, ఒక పూట ఉండి, పటం వైపు చూడకుండానే వెళ్ళిపోయేది. లావుగా, గట్టిగా నవ్వే మనిషి. ఎడమ కనుబొమ్మ మధ్యలో వెంట్రుకలు లేని సన్నటి గీత ఉండేది. చిన్నప్పుడు పెయ్య కొమ్ము తగిలిందట. అమ్మ ఎలా ఉండేదని అడిగితే, "నానాగే," అనేసి మాట మార్చేది. ఊళ్ళో నేను వెళ్ళిన ఇళ్ళలో అందరికీ అమ్మలు ఉండేవారు. ఎవరికీ తమ అమ్మ ముఖం ఎలా ఉంటుందో ఆలోచించే పని ఉండేది కాదు. నాకు ఆ పని ఎప్పుడూ ఉండేది. అంకెలు చూపించకుండా జవాబు చెప్పమన్న లెక్కలాగ.

ఆ ఏడు దాలి మావ పని ముగించి సామాను సర్దుకుంటున్నప్పుడు, తోచక, డబ్బా అడుగు వార్నీషు పుల్లతో తీసి నా పది వేళ్ళ గోళ్ళకీ పూసుకున్నాను. పూసినప్పుడు తేనెలా మెరిశాయి. ఆరలేదు. తెల్లారేసరికి ఇసక అంటుకుని, నల్లబడి, గీకినా రాకుండా కూర్చుంది. చేపలు తెచ్చే పోలమ్మ తట్ట దించుతూ చూసింది. "ఓలమ్మో! ఆ గోళ్ళేటే, పులి పంజాలాగున్నాయి! ఆ సేత్తోనే అన్నం కలుపుతావేటే గుంటా?" అని ఒకటే నవ్వు. చేతులు వెనక్కి దాచుకున్నాను. దాలి మావ పిలిచాడు.

"ఏటే కోడలా, తలుపులకెయ్యమని తెస్తే నీకేసుకున్నావేటి? వానలకి నానిపోతావనా?"

"పోదు మావా. గీకినాను, రాలేదు."

"గాజుపెంకు ఎట్టి గీకనా మరి?" అని బెదిరించి, సీసాలోంచి స్పిరిట్ దూది మీద ఒంపి, నా వేలు పట్టుకుని గుండ్రంగా తిప్పుతూ తుడిచాడు. చల్లగా తగిలింది. దూది గోధుమరంగు తాగింది. కిందనుంచి గులాబీ రంగు గోరు, ఎప్పుడూ ఉన్న గోరే, బయటికి వచ్చింది.

"గోరుకేటీ అవలేదు మావా!"

"గోరుకేటవుద్దే? కిందున్నది కిందే ఉంటాది. పైనున్నదే పోతాది."

నేను మిగతా తొమ్మిది వేళ్ళూ తుడవనివ్వకుండా అడిగాను: పటం మీదున్నది కూడా అలాగే పోతుందా అని. ఆయన లోపలికి వచ్చి పటం చూశాడు, గోటితో ఒక మూల నొక్కి చూశాడు. "పాత పూత. మొండిది. స్పిరిట్ ఒక్కటే అయితే రంగుని కూడా తినీగల్దు. టర్పంటు కలిపితే నెమ్మదిస్తాది. సెయ్యొచ్చు," అన్నాడు. "గాని మీ అయ్యని అడుగు ముందు. నాను సేత్తానన్నానని సెప్పకు, సెయ్యొచ్చన్నానని సెప్పు."

ఆ సాయంత్రం కంచాల ముందు అడిగాను. "నాన్నా, దాలి మావ సేత అమ్మ పటం తుడిపిద్దాం."

నాన్న చెయ్యి అన్నంలో ఆగింది. "ఎందుకే?"

"నాను అమ్మని సూడనేదు కదా."

ఆయన తినడం ముగించాడు. చెయ్యి కడుక్కున్నాడు. "రంగు పోతే?" అని మాత్రం అన్నాడు. మావ ముందు ఒక మూల చూసి, బాగుంటేనే చేస్తాడని చెప్పాను. మర్నాడు పొద్దున్న బంగ్లా కిటికీలన్నీ తెరిచాక, తనే పటం దింపి తెచ్చి, వరండాలో అధికారులు కాయితాలు పెట్టుకునే బల్ల మీద వెల్లకిలా పెట్టాడు. "సూసుకో," అన్నాడు. ఆ మాట నాతో అన్నాడో, మావతో అన్నాడో, తనతో తనే అనుకున్నాడో ఇప్పటికీ నాకు తెలీదు.

మావ రెండు చిప్పలు పెట్టుకున్నాడు. ఒకదాంట్లో స్పిరిట్ కలిపిన టర్పెంటైన్, రెండోదాంట్లో ఉత్త టర్పెంటైన్. మొదటిది కొరుకుతుంది, రెండోది ఆపుతుంది. దూది గోధుమరంగులో వస్తున్నంతసేపూ తుడవచ్చు. వేరే రంగు అంటిందంటే వెంటనే రెండోదానితో ఆపాలి. చీర కొంగు మూల నుంచి మొదలుపెట్టాడు. దూది తిప్పిన చోటల్లా, చీకటి గదిలో ఎవరో కిటికీ తెరిచినట్టు, చిలకపచ్చ రంగు బయటికి వచ్చింది. నేను అప్పటిదాకా అమ్మది మట్టిరంగు చీర అనుకునేదాన్ని. "ఈ సీర మీ అమ్మదే," అన్నాడు నాన్న. ఆయన స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. దగ్గరికి రాలేదు.

చేతులు వచ్చాయి. గాజులు వచ్చాయి. మెడ వచ్చింది. దూది ఉండలు బల్ల పక్కన పోగవుతున్నాయి. గడ్డం, పెదవులు, కొంచెం పొడుగు ముక్కు. నేను బల్ల మీదికి వంగి కదలకుండా ఉంటే, మావ మధ్యలో, "అలా బిగుసుకుపోకే, పటంలోంచి లేసిరాదు," అన్నాడు. కళ్ళు వచ్చాయి. కుడి కనుబొమ్మ వచ్చింది. ఎడమ కనుబొమ్మ వచ్చింది. దాని మధ్యలో సన్నటి గీత ఉంది. మావ ఇంకా పూత మిగిలిందనుకుని అక్కడ మరోసారి తుడిచాడు. గీత పోలేదు.

"బాగున్నాదే మీ అమ్మ. రాణీలాగున్నాది," అన్నాడు మావ, దూది కింద పడేసి.

"అమ్మ కాదు. పిన్ని," అన్నాను.

మావ నవ్వబోయి నాన్న వైపు చూశాడు. నాన్న వచ్చి బల్ల పక్కన నేల మీద కూర్చున్నాడు. నాకు తెలిసి ఆయన ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడింది ఆ పూటే.

"మీ అమ్మకి ఫొటో ఎక్కడిదే? తియ్యనేదు. పోయినాక, నాటకాల తెరలు రాసీవాడొకడు ఊరొచ్చినాడు. మొకం ఎలాగుంటాదో సెప్పు, రాసిత్తానన్నాడు. నాకు సెప్పడం రానేదు. ముక్కున్నాది, కళ్ళున్నాయి అన్నాను. ఆడు నవ్వినాడు. అప్పుడు మీ అమ్మమ్మ, ఇద్దరిదీ ఒకటే పోలిక కదా అని, మీ అమ్మ సీర కట్టి కాంతాన్ని కూసోబెట్టింది. ఆడు ఎదటున్నదాన్ని ఉన్నట్టు రాసీసినాడు."

"కనుబొమ్మ కూడానా?"

"ఆ. అదీ." బల్ల అంచుని అరచేత్తో తుడిచాడు. "ఇక్కడికొచ్చినాక గోడకెట్టినాను గాని సూడలేకపోయినాను. మరదలు గోడ మీంచి సూస్తన్నట్టుండీది. ఒక ఏడు డబ్బా అడుగున మిగిలిందని పూసినాను. మొకం కొంచెం తగ్గినాది. మరుసటేడు మళ్ళీ పూసినాను. పూత పడీకొద్దీ కాంతం ఎల్లిపోయీది. మీ అమ్మ వచ్చీది."

"ముందే సెప్తే నాను ముట్టుకోకపోదును కదా బావా," అన్నాడు మావ.

"పిల్ల అడిగినాది." నాన్న పటం వైపు చూడకుండా చెప్పాడు. "నాకూ ఆశేసినాది. ఇన్నేళ్ళు అదే ఉంది కదా, తుడిస్తే అదే వస్తాదేమోనని."

మావ ఆ మధ్యాహ్నమే బస్సెక్కాడు. పటం మళ్ళీ గోడ మీదికి వెళ్ళింది. మిగతా తొమ్మిది గోళ్ళ వార్నీషు నా చేతుల మీదే అరిగిపోయింది. అప్పటిదాకా మా ఇంట్లో ఇద్దరమూ, ఒక చీకటీ ఉండేవాళ్ళం. ఇప్పుడు చిలకపచ్చ చీరలో పిన్ని, పద్దెనిమిదేళ్ళ పిల్ల, మేము తింటుంటే మా కంచాల్లోకి చూస్తూ కూర్చుంది. నేను అలవాటు కొద్దీ దాన్నొక లెక్కగా చేసుకున్నాను. అక్కచెల్లెళ్ళు ఒకే పోలిక అన్నప్పుడు, పిన్నిలోంచి పిన్నికి మాత్రమే చెందినది తీసేస్తే మిగిలేది అమ్మ అవ్వాలి. కనుబొమ్మ గీత తీసేశాను, అది తేలిక. తర్వాత నాన్నని అడిగాను. ముక్కు ఇంత పొడుగేనా? కాదు, పొట్టి. నుదురు? దీనికన్నా వెడల్పు. పెదవులు? "ఇలాగే... కాదు, ఇలాగ కాదు." నాలుగు రోజులు పోయాక మళ్ళీ అడిగితే ముక్కు ఇంతే అన్నాడు. నుదురు చిన్నదన్నాడు. మూడోసారి అడిగినప్పుడు, "నాకు ఆ పటమే గురుతొస్తన్నాదే," అన్నాడు. "తుడవక ముందుది." ఆ తర్వాత నేను అడగలేదు. తెలిసిన అంకె ఒక్కటైనా లేకుండా తీసివేత కుదరదు.

పిన్ని ఆ చలికాలంలో వచ్చింది. గుమ్మంలో అడుగుపెట్టి, తల ఎత్తి, అలాగే నిలబడిపోయింది. చేతిసంచీ కూడా దించలేదు. "ఓలమ్మా," అంది మెల్లగా. "ఇలాగుండీదాన్నేటి నాను?" దగ్గరికి వెళ్ళి పటంలోని కనుబొమ్మని వేలితో తాకి, తన కనుబొమ్మని తడుముకుంది. అప్పటికి పిల్లల తల్లి, జుట్టు అక్కడక్కడా నెరవడం మొదలైంది. నవ్విందనుకున్నాను, కాదు. నేను పొయ్యి దగ్గరికి తీసుకెళ్ళి కూర్చోబెట్టి, నాన్న బంగ్లాలో ఉన్నప్పుడు, అమ్మ ముఖం నిజంగా ఎలా ఉండేదో చెప్పమన్నాను. ఈసారి మాట మార్చలేదు. పొయ్యిలోకి ఇంకో గుప్పెడు ఆకు వేసింది. "నిజం సెప్తన్నానే అమ్మీ. అక్క అంటే నాకు సేతులే గురుతు. రోజూ నాకు జడేసీది. జడేసినోళ్ళు ఎనకాల కూసుంతారు కదా, మొకం ఎక్కడ కనబడతాది? ఆ సేతులు బిగించి లాగీవి, నొప్పెట్టీది, అరిసీదాన్ని. అదే గురుతు." ఆ రాత్రికి ఉండి, తెల్లారి వెళ్ళేముందు నాకు జడ వేసింది. బిగించి లాగింది. నొప్పెట్టింది. నేను అరవలేదు.

మళ్ళీ ఎండలు ముదిరాయి. దాలి మావ వచ్చాడు, తలుపులకి వేశాడు, ఎప్పటిలాగే డబ్బా అడుగున వదిలి వెళ్ళాడు. నాన్న మా తలుపుకి పూసి, పీటకి పూసి, పటం దింపి మంచం మీద పెట్టాడు. కుంచె చేతిలో పట్టుకుని నా వైపు చూశాడు. ముందెప్పుడూ అడగనివాడు, "ఏసీమంటావేటి?" అని అడిగాడు. "ఎయ్యి నాన్నా," అన్నాను. అదే నెమ్మదితో, ఒకే ఊపిరిలో లాగాడు. తుడిచిన రంగుల మీద ఆ తడి పడగానే, ఏడాదిగా వెలిసినట్టున్న పటం నిగనిగలాడింది. చీర మరింత పచ్చనైంది. కనుబొమ్మ గీత వెంట్రుక వాసి కూడా వదలకుండా కనిపించింది. పిన్ని అంత స్పష్టంగా అంతకు ముందెప్పుడూ లేదు. నాన్న వెనక్కి జరిగి చూసి, "మొదటి పూత ఇలాగే ఉంటాది," అన్నాడు. "తరవాత తగ్గుతాది." ఒక చీకటి పేరుకోవడానికి ఎన్ని ఎండాకాలాలు పట్టిందో నాకు తెలుసు. ఆ చలికాలం నుంచి నాన్నని వదలని దగ్గూ తెలుసు. ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడటం నా చేతిలో పనే. చూశాను. ఆ జవాబు ఆయనకి చెప్పలేదు.

ఆయన మరికొన్ని పూతలు వేయగలిగాడు. చిలకపచ్చ ఆకుపచ్చగా మారి, ముదురాకు రంగుకి వచ్చింది. ముఖం తేనె వెనక ఉన్నట్టు అయింది. మధ్యాహ్నం వెలుతురులో పిన్ని. పొద్దు వాలాక, మనం మనసులో కొంచెం సాయం చేస్తే, పిన్ని కాని మరెవరో. నాన్న అక్కడితో ఆగిపోయాడు. కర్మకాండ అయ్యాక ఆ ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు, కొత్త కాపలాదారు వచ్చాడు. నా పెళ్ళి, ఈ ఊరు, పిల్లలు, రంగుల లెక్కలు, ఇవన్నీ తర్వాత. పటం మాత్రం ప్రతి ఇంట్లోనూ నా వెంటే వచ్చింది.

మొదట్లో నేనే వేద్దామనుకున్నాను. దుకాణానికి వెళ్ళి అడిగితే కొత్త రకం డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది ఎన్నేళ్ళయినా పచ్చబడదమ్మా. అద్దంలాగే ఉంటుంది. పాతవన్నీ నల్లబడిపోయేవి, ఇది అలాక్కాదు," అన్నాడు గర్వంగా. నల్లబడే రకం కావాలన్నాను. నేను ఎగతాళి చేస్తున్నాననుకుని ముఖం ముడుచుకున్నాడు. అప్పటి వార్నీషు ఇప్పుడు ఎవరూ చెయ్యరు, అడిగేవాళ్ళు లేరు. ఇప్పుడు దేన్నీ మసకబారనివ్వరు. మా మనవరాలి పుట్టినరోజుకి తీసిన ఫొటోలే అట్టపెట్టె నిండా ఉన్నాయి. అందులో ఆ పిల్ల చెయ్యెత్తినవీ, దించినవీ, ఏడ్చినవీ అన్నీ ఉన్నాయి. మంచిదే. నేను వద్దనను. మా అమ్మకి అందులో ఒక్కటి ఉన్నా, ఎంత చెడ్డదైనా, రేషను కార్డు మీది సెనగ్గింజంతదైనా, నా బతుకు వేరేగా ఉండేది. ఇప్పుడు నా వయసు అమ్మ బతికిన వయసుకి రెండింతలు దాటింది. ఆమె నాకు కూతురి వయసుది. కూతురి వయసు మనిషి ముఖం తెలియకపోవడం, అమ్మ ముఖం తెలియకపోవడం కన్నా వింతగా ఉంటుంది.

రమణ వెళ్ళిన మర్నాడు ఇంట్లో ఎవరూ లేకుండా చూసుకుని పటం దింపాను. రమణకి కావలసింది వాడి అమ్మ. పూతల వెనక ఉన్నది వాడి అమ్మే. ఆ పూతలు లేకుండా ఆమెని పటంలో చూసినవాళ్ళలో మిగిలింది నేనొక్కతినే. సగం చీకటిలో ఉన్న మనిషిని పెద్దదినానికి పంపడం నాకు ఇష్టం లేకపోయింది. ఆమె నాకు ఒక పొద్దు జడ వేసిన మనిషి. రెండు గిన్నెలు పెట్టుకుని, కొంగు మూల నుంచి మొదలుపెట్టాను. నాన్న వేసినవి తక్కువ పూతలే, దాలి మావకి పట్టినంతసేపు నాకు పట్టలేదు. చిలకపచ్చ వచ్చింది. చేతులు వచ్చాయి. ముఖం దగ్గర మాత్రం ఆగాను. ఆ వెలుతురులో, పిన్ని కాని ఆ మరెవరో ఇంకా అక్కడే ఉన్నట్టుంది. నాన్నకి అమ్మగా కనిపించిన చీకటి ఇంతేనా, దీన్లో సగమా, దీనికి రెండింతలా, ఎలా తేల్చను? ఆమెని ఆఖరిసారి చూస్తున్నాననుకుని ఎంతసేపు చూశానో మాత్రం లెక్క పెట్టలేదు. తర్వాత దూది తడిపి నుదుటి మీద పెట్టి తిప్పాను. గీతతో సహా కనుబొమ్మ బయటికి వచ్చింది. పద్దెనిమిదేళ్ళ కాంతం పిన్ని నవ్వబోతున్నట్టు నన్ను చూసింది.

స్పిరిట్‌తో తడిసిన దూదిని ఇంట్లో పోగు పెట్టకూడదు, నిప్పంటుకుంటుంది. పళ్ళెం పట్టుకుని పెరట్లోకి నడిచాను. ఎండ బాగా కాస్తోంది. ఉండలు ఒక్కొక్కటీ విప్పి, గోధుమరంగు పైకి వచ్చేలా, బట్టలుతికే బండ మీద పరిచాను. నాన్న ఆ ఎండాకాలాల్లో ఒక్కో పూతగా తెచ్చుకున్న మా అమ్మ అంతా ఆ బండ మీద ఉంది. గాలి లేస్తోంది. ఎగిరిపోకుండా, ఆరేదాకా పక్కనే కూర్చున్నాను.